మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మొయినాబాద్ మండలం ఎంకపల్లి పరిసరాల్లోని ఒక చిన్న సంఘంలో యవనస్థుల కూడికకు ఆమధ్య మా దంపతులను పిలిచారు. రేకుల కప్పు, నేల మీద చాపలు, గోడకు వాక్యం కేలండరు, మూలన ఒక కీబోర్డు. ఆదివారం ఆరాధన ముగిసి భోజనాలయ్యాక నలభై మందికి పైగా పిల్లలు కూర్చున్నారు. అబ్బాయిలు ఒక పక్క, అమ్మాయిలు ఒక పక్క. సంఘ కాపరి మాకిచ్చిన అంశం 'యౌవనంలో పరిశుద్ధత'. ఈ అంశం మీద మేము ఇప్పటికి ఎన్నిసార్లు మాట్లాడామో లెక్కలేదు. యోసేపు పారిపోయిన సంగతి చెప్పడం, దావీదు పడిపోయిన సంగతి చెప్పడం, అందరి చేత కళ్లు మూయించి తీర్మానం చేయించడం, ప్రార్థన చేసి టీ తాగి బయల్దేరడం. ఇదీ మాకు అలవాటైన పద్ధతి.

ఈసారి అలా చేయలేదు. ఒక బూట్ల అట్టపెట్టెకు పైన చీలిక కోసి వెంట తీసుకెళ్లాం. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "పేరు రాయొద్దు. ప్రేమ గురించి, పెళ్లి గురించి, మీ శరీరం గురించి ఇంట్లోనూ చర్చిలోనూ అడగలేకపోయిన ఒక్క ప్రశ్న రాయండి. ప్రశ్న లేనివాళ్లు మీకిష్టమైన పాట పేరు రాసి వేయండి. అప్పుడు ఎవరు ఏమి రాశారో ఎవరికీ తెలియదు" అన్నాం. మొదట గుసగుసలు, నవ్వులు. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. అందరి తలలూ కాగితాల మీదికి వంగాయి. పెట్టె తెరిచి చూస్తే పాటల పేర్లు ఆరే ఉన్నాయి. మిగిలినవన్నీ ప్రశ్నలే.

ఆ ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే దారి ఒకప్పుడు మర్రిచెట్లకు, పూలతోటలకు, కూరగాయల మడులకు పేరు. 1998లో ఎంకపల్లిలో జె.బి. ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. ఆ తర్వాత అక్కడే వైద్య కళాశాల వచ్చింది. అజీజ్‌నగర్, చిలుకూరు వైపు కూడా కళాశాలలు వెలిశాయి. నాలుగు దిక్కుల నుంచీ వచ్చిన పిల్లలు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటారు. వాళ్లలో మన సండే స్కూల్లో పెరిగినవారు, కంఠత వాక్యాలకు బహుమతులు తీసుకున్నవారు ఎందరో! అమ్మానాన్నల కళ్లెదుట నుంచి వచ్చి మొదటిసారి సొంత ఫోను, సొంత గది, సొంత నిర్ణయం అనే మూడింటినీ ఒకేసారి చేతుల్లోకి తీసుకున్న వయసు అది. పెట్టెలో చీటీలు వేసిన వారిలో సగం మంది ఊరి పిల్లలు, సగం మంది ఇలా వచ్చినవారే.

చీటీల్లో ఏముంది?

"నిద్రలో వీర్యం పోతే పాపమా? బలహీనమైపోతానా?" అని ఒకరు రాశారు. "నెలసరి రోజుల్లో ప్రభువు బల్లలో పాలుపొందవచ్చా? మా అమ్మ వద్దంటుంది" అని ఒక చెల్లి అడిగింది. "హెచ్‌ఐవి ఉన్న మనిషి తాగిన గ్లాసులో నీళ్లు తాగాను. నాకూ వస్తుందా?" "ఫోన్‌లో ఆ వీడియోలు చూడటం మానలేకపోతున్నా. ఉపవాసం చేశా. మళ్లీ చూశా. దేవుడు నన్ను వదిలేశాడా?" "నేను ప్రేమించిన అతను మన విశ్వాసే. మా ఇంట్లో వద్దంటున్నారు. కులం వేరట. బాప్తిస్మం తీసుకున్నాక కూడా కులం ఉంటదా?" ఒక చీటీలో అక్షరాలు వణికాయి: "నా ఫొటోలు వాని దగ్గర ఉన్నయి. ఏం చెయ్యాలె?" ఇంకొకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది: "వచ్చే నెల నా పెళ్లి. ఆ రాత్రి ఏం జరుగుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. భయమైతాంది."

ఈ ప్రశ్నలు చదివి మీకు ఇబ్బందిగా ఉందా? మాకూ ఉంది. కానీ ఇవి రాసినవాళ్లు పై ఊరివాళ్లు కారు. మన క్వయర్‌లో పాడేవారు, మన సండే స్కూల్లో చిన్నపిల్లలకు బోధించేవారు, మన ఇంట్లో మనతో కుటుంబ ప్రార్థనలో మోకరించేవారు. వీళ్లలో ఒక్కరు కూడా 'పాపం చేయడానికి అనుమతి ఇవ్వండి' అని అడగలేదు. భయపడుతున్నామని చెప్పారు, అంతే.

ఆ మధ్యాహ్నం జవాబులు చెప్పడానికి మాతో పాటు సంఘంలో నర్సుగా పనిచేసే ఒక సహోదరి కూర్చుంది. నిద్రలో జరిగేది ఎదుగుతున్న శరీరంలో సహజంగా జరిగే పని అని, అది పాపమూ కాదు, రోగమూ కాదు అని ఆమె చెప్పినప్పుడు అబ్బాయిల వైపు నుంచి వినిపించిన నిట్టూర్పు మాకింకా గుర్తుంది. కలిసి తినడం వల్ల, తాగడం వల్ల, చేయి కలపడం వల్ల హెచ్‌ఐవి రాదని, రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన రక్తం, సూదులు, తల్లి నుంచి బిడ్డకు సోకడం.. ఇవే దాని దారులని వివరించింది. నెలసరి ప్రశ్నకు మేము మార్కు సువార్త 5వ అధ్యాయం తెరిచాం. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ యేసు వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆమెను వెనక్కి నెట్టలేదు, కుమారీ అని పిలిచాడు. ఆయన దగ్గరకు రానిచ్చినవారిని ఆయన బల్ల దగ్గరకు రావద్దనడానికి మనమెవరం?

మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి

ఈ పెట్టె ఆలోచన మాకు ఊరికే రాలేదు. దాని వెనుక ఒక పిల్ల కన్నీళ్లున్నాయి. చాలా ఏళ్ల క్రితం మరో ఊళ్లో ఇలాంటి కూడికే జరిగింది. పరిశుద్ధత మీద గట్టిగా బోధించాం. ముగిశాక పదహారేళ్ల పిల్ల ఒకతె దగ్గరకు వచ్చి, తలెత్తకుండా, "అక్కా, నేను పాడైపోయిన. దేవుడు నన్ను క్షమిస్తడా?" అని అడిగింది. మేము ఏమి జరిగిందని అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాం. నిజం చెప్పాలంటే, వినడానికి భయపడ్డాం. క్షమాపణ గురించి నాలుగు మాటలు చెప్పి, మూడు రోజులు ఉపవాసం ఉండమని, ఇకపై జాగ్రత్తగా నడుచుకోమని చెప్పి, తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసి పంపించాం. మంచి పరిచర్య చేశామనే తృప్తితో ఇంటికి వచ్చాం.

ఆ పిల్ల మళ్లీ కూడికలకు రాలేదు. రెండేళ్ల తర్వాత తెలిసింది, పాపం ఆమెది కాదని. ఆమెకు అన్యాయం చేసింది ఇంటికి తరచూ వచ్చిపోయే బంధువు. అది తన తప్పేనని ఆ పసి మనసు నమ్మింది. మేము ఆ నమ్మకానికి ముద్ర వేసి పంపించాం! ఆమెను ఆదుకున్నది మేము కాదు, ఆమె చదువుకున్న హాస్టల్‌లోని వార్డెన్. ఆమె విశ్వాసి కాదు. కానీ పక్కన కూర్చుని వింది, 'నీ తప్పేమీ లేదు' అంది, 1098కి ఫోన్ చేసింది. మంచి సమరయుడి ఉపమానంలో దారి పక్కన పడి ఉన్నవాణ్ని చూసి తప్పుకొని వెళ్లిన యాజకుడు ఎవరో ఆ రోజు మాకు బాగా అర్థమైంది.

ఇది ఏదో ఒకచోట జరిగిన సంగతి కాదు. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక వెలువరించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ 13లో ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పిన పిల్లలు 53.22 శాతం. అలా వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మినవారు. సంఘంలో వందమంది పిల్లలుంటే ఈ లెక్క మన వాకిట్లో ఆగిపోతుందా? పిల్లలకు తమ శరీర భాగాల పేర్లు తెలియకపోతే, ఏది తగిన స్పర్శో ఏది కాదో తెలియకపోతే, జరిగింది చెప్పడానికి వాళ్లకు మాటలెక్కడివి?

దావీదు ఇంట్లో జరిగింది ఇదే

మన ప్రసంగాల్లో ఎక్కువగా వినబడని అధ్యాయం ఒకటుంది, సమూయేలు రెండవ గ్రంథం 13. దావీదు కుమార్తె తామారును సొంత తండ్రి బిడ్డ అమ్నోను మోసంతో తన గదికి రప్పించుకున్నాడు. ఆమె వద్దంది. బతిమాలింది. ఇశ్రాయేలులో ఇలాంటి పని తగదని చెప్పింది. అతడు బలవంతం చేశాడు, ఆ తర్వాత తలుపు మూయించి గెంటించాడు. ఆమె తన రంగురంగుల చొక్కా చింపుకుని, తల మీద బూడిద పోసుకుని, ఏడుస్తూ వెళ్లింది. అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. తండ్రికి సంగతి తెలిసింది. చాలా కోపం వచ్చింది. అంతే! గొల్యాతు ఎదుట నోరు విప్పిన దావీదు, కీర్తనలు పాడిన దావీదు, కుమార్తె పక్షాన ఒక్క మాట మాట్లాడినట్టు లేఖనంలో కనబడదు. కుమారుణ్ని పిలిచి అడిగినట్టూ లేదు. రెండేళ్ల తర్వాత ఆ మౌనం ఇంట్లో హత్యగా మారింది. ఆ తర్వాత తిరుగుబాటుగా మారింది.

బైబిలు ఈ సంగతిని దాచలేదు. దాస్తున్నది మనమే. తామారు గొంతు లేఖనంలో వినిపిస్తుంటే మన సంఘాల్లో ఎందుకు వినిపించడం లేదు?

'ఇలాంటివి మాట్లాడటం మన సంస్కృతి కాదు, బైబిలు పద్ధతీ కాదు' అనేవారున్నారు. మరి సామెతల గ్రంథం 5, 6, 7 అధ్యాయాలు ఏమిటి? ఒక తండ్రి కుమారుణ్ని కూర్చోబెట్టుకుని కోరిక ఎలా మొదలవుతుందో, పొగడ్త ఎలా లాగుతుందో, ఏ వీధిలో ఏ వేళకు ఏమి పొంచి ఉంటుందో, ఆ దారి చివర ఏమి మిగులుతుందో దాపరికం లేకుండా చెప్పాడు. అంతటితో ఆగలేదు. భార్యాభర్తల మధ్య ఉండే సంతోషం ఎంత మధురమైనదో కూడా అదే నోటితో చెప్పాడు. పరమగీతం సంగతి సరేసరి. దాంపత్య ప్రేమను అంత అందంగా పాడిన గ్రంథం మన పరిశుద్ధ గ్రంథం మధ్యలోనే ఉంది. అందులోనే, ప్రేమను దాని సమయం రాకముందే లేపవద్దనే హెచ్చరిక మూడుసార్లు వస్తుంది. సృష్టి కథలో ఆదాము హవ్వలు సిగ్గెరుగకుండా ఉన్నది పాపం ప్రవేశించక ముందే. శరీరాన్ని చేసినవాడు దేవుడు. చేయడానికి ఆయన సిగ్గుపడనప్పుడు దాని గురించి చెప్పడానికి మనం ఎందుకు సిగ్గుపడాలి?

చెబితే చెడిపోతారా?

మన తెలుగువారికి లైంగిక విజ్ఞానం పత్రికల ద్వారా అందించినవారిలో ముందు గుర్తొచ్చే పేరు విజయవాడ డాక్టర్ జి. సమరం. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. చర్చికి వెళ్లే ఇళ్లలో కూడా ఆయన శీర్షికను చాటుగా చదివినవారు ఎందరో ఉన్నారు. ఆయన సమాధానం చెప్పాడు, అందుకు ఆయనను తప్పుపట్టనవసరం లేదు. ఆ ప్రశ్నలు మన పిల్లలు మన దగ్గరకు తేలేకపోవడమే మనం ఆలోచించుకోవలసిన సంగతి. ఇప్పుడు పత్రిక కూడా కాదు, ఫోను. అర్ధరాత్రి దుప్పటి కింద వెలిగే ఆ చిన్న తెర ఇప్పుడు చాలామంది పిల్లలకు గురువు. అది స్త్రీని వస్తువుగా చూడటం నేర్పుతుంది. బలవంతాన్ని ప్రేమగా చూపిస్తుంది. ఆ గురువు దగ్గర సిగ్గూ లేదు, జాలీ లేదు.

2005లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. 2007 నాటికి మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు దాన్ని వద్దన్నాయి. 2009లో మన తెలుగువాడైన ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షత వహించిన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య తగదని నివేదిక ఇచ్చింది. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల చిత్రాల కేసులో తీర్పు చెబుతూ, లైంగిక విద్య పట్ల మన సమాజంలో ఉన్న అపోహలు పోవాలని, అది పిల్లలకు అవసరమని చెప్పింది. పెద్దలు ఇలా ఏళ్ల తరబడి వాదించుకుంటుండగా పిల్లలు పెద్దవాళ్లైపోయారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం హెచ్‌ఐవి గురించి సమగ్ర అవగాహన ఉన్నవారు దేశంలో స్త్రీలలో 21.6 శాతం, పురుషులలో 30.7 శాతం మాత్రమే.

'చెబితే లేనిపోని ఆలోచనలు పుట్టించినట్టు కాదా?' అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఈ భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఐక్యరాజ్యసమితి విద్యా, శాస్త్ర, సాంస్కృతిక సంస్థ యునెస్కో అనేక దేశాల పరిశోధనలను పరిశీలించి 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, సరైన లైంగిక విద్య పిల్లలను తొందరపెట్టదని, లైంగిక సంబంధాలను పెంచదని తేల్చింది.

మరోపక్క, జ్ఞానం ఇవ్వకుండా తీర్మానం మాత్రమే చేయిస్తే ఏమవుతుందో అమెరికా సంఘాల అనుభవం చెబుతుంది. అక్కడి సదరన్ బాప్టిస్టులు 1993లో 'ట్రూ లవ్ వెయిట్స్' అనే ఉద్యమం మొదలుపెట్టారు. పెళ్లి వరకు ఆగుతామని లక్షలమంది పిల్లలు కార్డుల మీద సంతకాలు చేశారు. ఉద్దేశం మంచిదే. అయితే 2009లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో, ఐదేళ్ల తర్వాత చూస్తే ఇలాంటి ప్రమాణాలు చేసినవారికీ, అలాంటి నేపథ్యమే ఉండి చేయనివారికీ నడవడిలో తేడా కనబడలేదు. ప్రమాణం చేసినవారిలో 82 శాతం తాము అసలు ప్రమాణమే చేయలేదన్నారు. ఆరోగ్య జాగ్రత్తల విషయంలో మాత్రం వాళ్లే వెనుకబడ్డారు. యవనస్థుల ప్రేమ వ్యవహారాలపై 1997లో జాషువా హారిస్ రాసిన 'ఐ కిస్డ్ డేటింగ్ గుడ్‌బై' అనే పుస్తకం ఎన్నో యూత్ గ్రూపులను నడిపించింది. అదే రచయిత 2018లో తన పుస్తకంలోని చాలా సంగతులతో ఇక ఏకీభవించడం లేదని చెప్పి ముద్రణ ఆపించాడు.

దీని అర్థం పరిశుద్ధత పాతబడిందని కాదు. పెళ్లి వరకు ఆగమనే దేవుని మాట మారలేదు, మేము మార్చడం లేదు. శరీరం దేవుని ఆలయమని కొరింథీయులకు రాసిన అపొస్తలుడు, అదే పత్రికలో వాళ్లు అడిగిన దాంపత్య ప్రశ్నలకు ఒక్కొక్కటిగా, వివరంగా జవాబు చెప్పాడు. భయపెట్టి చేయించిన తీర్మానం కూడిక ముగిసేదాకా ఉంటుంది. తెలిసి, నమ్మి, ఇష్టపడి చేసుకున్న తీర్మానం గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నిలుస్తుంది.

ప్రేమ అనగానే ఉలికిపాటు ఎందుకు?

ఒక అబ్బాయికి అమ్మాయి నచ్చడం, అమ్మాయికి అబ్బాయి నచ్చడం దేవుడు పెట్టిన స్వభావం. యాకోబు రాహేలు కోసం చేసిన ఏడేళ్ల కొలువు అతనికి కొద్ది రోజుల్లా అనిపించింది. బోయజు రూతును అర్ధరాత్రి కళ్లంలో చూశాడు. ఆమె ఒంటరితనాన్ని అవకాశంగా తీసుకోలేదు. ఆమె మర్యాద కాపాడి పంపి, తెల్లారాక ఊరి గవినిలో పెద్దల ఎదుట ఆమెను అడిగాడు. ప్రేమకు కొలబద్ద ఇదే. చీకట్లో గౌరవించగలగాలి, పగటిపూట అందరి ఎదుట బాధ్యత తీసుకోగలగాలి. మొదటిది లేనివాడు, రెండోదానికి తప్పించుకునేవాడు నిన్ను ప్రేమించడం లేదు తల్లీ!

మన అబ్బాయిలకు నేర్పవలసింది ఇంకొకటి ఉంది. వద్దంటే వద్దనే. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. తిరస్కారాన్ని తట్టుకోవడం ఎవరూ నేర్పని మగపిల్లవాడు ఎంత దూరం వెళ్లగలడో ఆంధ్ర, తెలంగాణల్లో అటు తర్వాత కూడా ఎన్నోసార్లు చూశాం. కాదనిపించుకున్నా తలెత్తుకుని, ఎదుటివారిని దీవించి వెళ్లగలవాడే మగవాడని మన వేదికల మీద నుంచి ఎన్నిసార్లు చెప్పాం?

చట్టం కూడా పిల్లలకు తెలియాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారితో లైంగిక సంబంధం, ఇష్టపూర్వకమన్నా సరే, నేరం. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. అయినా తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని 2019-21 సర్వే చెబుతోంది. 'ప్రేమలో పడుతుందేమో' అన్న భయంతో చదువు మాన్పించి పెళ్లి చేస్తున్న తల్లిదండ్రులు మన సంఘాల్లో లేరా?

ఇక కులం సంగతి. ఒకే బల్లలో పాలుపొంది, ఒకే పాటల పుస్తకం పట్టుకుని, పిల్లల పెళ్లి దగ్గరకు వచ్చేసరికి 'మనవాళ్లేనా?' అని అడగడం మనకు తెలియనిది కాదు. ఆ చీటీ రాసిన చెల్లికి మేము చెప్పగలిగింది ఒకటే. విశ్వాసం వేరైతే పెద్దలు ఆలోచించమనడంలో అర్థముంది. విశ్వాసం ఒకటే అయినా కులం కోసం కాదంటే, ఆ కాదనడానికి లేఖనంలో ఆధారం లేదు. రూతు మోయాబీయురాలు. ఆమె పేరు మత్తయి మొదటి అధ్యాయంలో ప్రభువు వంశావళిలో ఉంది. కులం అహంకారం ఎంత దూరం వెళుతుందో 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో చూశాం. గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటకు వస్తున్న దళిత క్రైస్తవ యువకుణ్ని పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ హత్యను ఖండించిన మనం, అదే విత్తనం మన ఇంటి పెరట్లో లేదని చెప్పగలమా?

సంఘం చేయగలిగిన పనులు

ఇవి డబ్బుతో పని లేనివి, చిన్న సంఘం కూడా చేయగలిగినవి.

మొదటిది, చిన్నతనం నుంచే మొదలుపెట్టాలి. సండే స్కూల్లో ఐదారేళ్ల పిల్లలకు శరీరం దేవుడిచ్చినదని, లోదుస్తులు కప్పే భాగాలను ఎవరూ ముట్టకూడదని, ఎవరైనా ముట్టి 'చెప్పొద్దు' అంటే తప్పకుండా చెప్పాలని నేర్పాలి. పది పన్నెండేళ్లు వచ్చేసరికి శరీరంలో రానున్న మార్పులు, నెలసరి గురించి అవి రాకముందే చెప్పాలి.

రెండవది, మన మధ్యనే ఉన్న డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, టీచర్లను ఉపయోగించుకోవాలి. ప్రసంగీకుడు అన్నీ తెలిసినవాడు కానక్కరలేదు. 2014 నుంచి అమలులో ఉన్న రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ల వారి కోసమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందుకు ప్రత్యేక క్లినిక్కులు ఏర్పాటయ్యాయి.

మూడవది, పిల్లలు చెప్పింది వినాలి, చట్టం చెప్పింది చేయాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టం ఆదేశిస్తోంది. తెలిసీ దాచితే ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యుడైతే ఏడాది వరకు జైలు. 'సంఘం పరువు' అని కప్పిపుచ్చడం కాపరి పని కాదు. పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181, హెచ్‌ఐవి సందేహాలకు 1097 నంబర్లను నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. ఫొటోలతో బెదిరించేవారి విషయంలో తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. ఫొటోల చీటీ రాసిన చెల్లికి కూడా అదే చెప్పాం. ఎవరని అందరి ముందు అడగలేదు. "బెదిరించేవాడిదే నేరం. డబ్బులు ఇవ్వొద్దు, వాడు పిలిచినచోటికి వెళ్లొద్దు, మెసేజ్‌లు చెరిపేయొద్దు. ఎవరు రాసినా మాతో ఒంటరిగా మాట్లాడొచ్చు, మేము వెంట వస్తాం" అన్నాం. వారం తర్వాత ఫోన్ వచ్చింది. వెంట వెళ్లాం.

నాలుగవది, పెళ్లికి ముందు జంటకు కాపరి, కాపరి భార్య లేదా అనుభవం ఉన్న దంపతులు కనీసం రెండు మూడుసార్లు కూర్చుని మాట్లాడాలి. పెళ్లి పాటల ఎంపికకు ఇచ్చే సమయంలో సగం ఇచ్చినా చాలు.

పడిపోయినవారి మాట

ఈ వ్యాసం చదువుతున్నవారిలో, 'నాకు ఆలస్యమైపోయింది' అనుకునే తమ్ముడు, చెల్లి ఉండవచ్చు. నీకు అన్యాయం జరిగి ఉంటే, అది నీ పాపం కాదు. ఈ మాట ఆ పదహారేళ్ల పిల్లకు చెప్పలేకపోయాం. ఇప్పుడు నీకు చెబుతున్నాం. నీవే తప్పటడుగు వేసి ఉంటే, సమరయ స్త్రీతో బావి దగ్గర కూర్చున్న ప్రభువును చూడు. ఆమె ఐదు పెళ్లిళ్ల సంగతి ఆయనకు తెలుసు. తెలిసే నీళ్లడిగాడు, తెలిసే మాట్లాడాడు. ఆమె ఊరంతటికీ సాక్షి అయ్యింది. ఫోన్‌లో వీడియోలు మానలేకపోతున్న తమ్ముడికి చెప్పింది కూడా ఇదే: దేవుడు నిన్ను వదిలేయలేదు. వదిలేసి ఉంటే ఆ చీటీ రాసేంత బాధ నీకుండేది కాదు. కానీ ఒంటరిగా పోరాడకు. నమ్మకమైన ఒక అన్నకు చెప్పు, రాత్రి ఫోను గది బయట పెట్టు, పడిన రోజునే లేచి ప్రార్థన చెయ్యి. అవసరమైతే కౌన్సెలర్‌ను కలువు. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

ఆ సాయంత్రం ఎంకపల్లి నుంచి బయల్దేరబోతుంటే ఒక తల్లి మమ్మల్ని చర్చి గేటు దగ్గర ఆపింది. వెనుక వరుసలో కూర్చుని అంతా విన్నదట. "మా అమ్మ నాకు చెప్పలే, నేను నా బిడ్డకు చెప్పలే. ఇప్పుడు ఎట్ల మొదలుపెట్టాలె అయ్యగారూ?" అని అడిగింది. మా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. "ఈ రాత్రి వంట చేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. మీ పెళ్లినాడు మీకెంత భయమేసిందో చెప్పండి. మిగతాది తనే అడుగుతుంది" అన్నాం. ఆమె నవ్వింది. ఆ నవ్వులో కొంచెం సిగ్గుంది, కొంచెం ధైర్యం కూడా ఉంది.

వచ్చే నెల పెళ్లని చీటీ రాసిన అమ్మాయి ఆమె కూతురేనో కాదో మాకు తెలియదు. ఎవరి కూతురైనా, ఎవరి కొడుకైనా, ఈ రాత్రి ఏదో ఒక వంటింట్లో ఆ మాట మొదలవ్వాలి. తామారు ఇంటికి ఏడుస్తూ వచ్చినప్పుడు తలుపు తీసి, కూర్చోబెట్టి, 'ఏం జరిగింది తల్లీ?' అని అడిగే తండ్రులను, తల్లులను, కాపరులను దేవుడు మన సంఘాల్లో లేపునుగాక!